సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోపును కింది నుంచి చూడాలి

గుంటూరు కొత్తపేటలో మూతపడుతున్న ఒక చిన్న ల్యాబు. దాని వెనక గదిలో నేల మీద గొంతుక్కూర్చుని, బల్ల మీదున్న మైక్రోస్కోపు అడుగు భాగంలోకి సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తున్నాను. ఆ ల్యాబులో ఏళ్ల తరబడి రక్తం స్లైడ్లు చూసిన టెక్నీషియన్ పక్కనే నిలబడి ఉన్నాడు. కాసేపు ఓపిక పట్టి, ఇక అడిగేశాడు. "ఏంటి సార్, కొనడానికి వచ్చినవాళ్లంతా పైనుంచి చూస్తారు, మీరేమో కింద చూస్తున్నారు?"

"పైన పాడైతే వేరేది తెచ్చి బిగించుకోవచ్చన్నా. కింద పాడైతే నాకు దిక్కు లేదు" అన్నాను.

ఆయన నవ్వి, మర వదులు చేసి, స్లైడు కింద ఉండి వెలుతురును దాని మీదకు కూర్చి పంపే కండెన్సర్‌ను తనే విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ మైక్రోస్కోపు ఇప్పుడు మంగళగిరిలో మా ఇంట్లో, కిటికీ పక్కన బల్ల మీద ఉంది. దాన్ని ఎలా ఎంచుకున్నానో, తెచ్చాక దానికేం మార్పులు చేశానో చెబుతాను. దాంతోపాటు నాకు గట్టిగా నమ్మకం కుదిరిన ఒక విషయం కూడా చెప్పాలి. మైక్రోస్కోపు కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అడగాల్సింది అది కాదు. "స్లైడు కిందకు వెలుతురు ఎలా వస్తుంది?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న మారితే, ఏది కొనాలి, ఏది వదిలేయాలి, కొన్న తర్వాత దేని మీద ఖర్చుపెట్టాలి అన్నవన్నీ మారిపోతాయి.

నేను మొదట కొన్నది కొత్తదే. ఆన్‌లైన్‌లో 6,800 రూపాయలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 2000 రెట్లు అని ఉంది. ఇంటికి వచ్చిన రోజు మా అమ్మాయి ఉల్లిపాయ పొర తీసి స్లైడు తయారు చేసింది. తక్కువ రెట్లలో బాగానే కనిపించింది. నలభై రెట్ల కటకానికి మార్చి ఫోకస్ మర ముట్టుకుంటే చాలు, బొమ్మ అటూ ఇటూ ఊగిపోయేది. వందకి వెళ్తే, "నాన్నా, మబ్బు పట్టినట్టుంది" అంది. స్లైడు పెట్టే పలక, అంటే స్టేజి కింద చూస్తే కండెన్సరే లేదు. చిల్లులున్న ఒక ప్లాస్టిక్ చక్రం, దాని కింద ఒక చిన్న లైటు. అంతే. కన్ను ఆనించే 20 రెట్ల ఐపీసును, స్లైడు దగ్గరుండే 100 రెట్ల ఆబ్జెక్టివ్‌తో గుణిస్తే 2000 వస్తుంది కదా, డబ్బా మీద వేసింది ఆ లెక్కే. లెక్క తప్పు కాదు. దాని వల్ల కంటికి కొత్తగా కనిపించేది మాత్రం ఏమీ లేదు.

ఎందుకు లేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. ఆబ్జెక్టివ్ ఒంటి మీద 40/0.65 అని రాసి ఉంటుంది. మొదటిది రెట్లు. రెండోది న్యూమరికల్ అపెర్చర్, అంటే ఆ కటకం ఎంత వెడల్పాటి వెలుతురు శంకువును లోపలికి తీసుకోగలదో చెప్పే అంకె. పక్కపక్కనున్న రెండు చుక్కలు రెండుగా కనిపిస్తాయా, కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయా అన్నది నిర్ణయించేది ఈ రెండో అంకే. ఆకుపచ్చ వెలుతురులో 10/0.25 ఆబ్జెక్టివ్ దాదాపు 1.3 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరంలో ఉన్న చుక్కల్ని విడదీస్తుంది. 40/0.65 అయితే సుమారు అర మైక్రాను. నూనె చుక్క వేసి వాడే 100/1.25 అయితే పావు మైక్రానుకు కాస్త ఎక్కువ. మన ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది, దాంతో పోల్చుకుంటే ఈ అంకెలు అర్థమవుతాయి. రెండో అంకెను వెయ్యితో గుణిస్తే వచ్చేదే పనికొచ్చే రెట్ల హద్దు. 1.25కి అది 1250. ఆ పైన ఎంత పెంచినా, పేపర్లో అచ్చయిన ఫొటోను భూతద్దంతో చూసినట్టే. చుక్కలు పెద్దవవుతాయి తప్ప ముఖం స్పష్టమవదు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ 0.65 అన్నది ఆబ్జెక్టివ్ ఒక్కటే సాధించేది కాదు. కింద నుంచి కండెన్సర్ కూడా అంత వెడల్పాటి శంకువులో వెలుతురు పంపాలి. వెలుతురు దారిని రేకులతో చిన్నదీ పెద్దదీ చేసే కండెన్సర్ ఐరిస్‌ను బాగా మూసేసి 0.2 దగ్గర ఉంచామనుకోండి, అదే నలభై ఆబ్జెక్టివ్ అర మైక్రాను బదులు 0.8 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. పైన ఎంత ఖరీదైన కటకం పెట్టినా, కింద వెలుతురు సరిగా లేకపోతే దాని సత్తా పూర్తిగా బయటికి రాదు. చిల్లుల చక్రంతో వచ్చే 2000 రెట్ల మైక్రోస్కోపు కన్నా మంచి కండెన్సర్ ఉన్న 400 రెట్ల పాత మైక్రోస్కోపు ఎక్కువ చూపిస్తుందని నేను అనేది అందుకే.

పాతవి ఎక్కడ దొరుకుతాయంటే, ముఖ్యంగా ల్యాబుల దగ్గర. రక్తకణాలు లెక్కపెట్టే మెషిన్లు వచ్చాక చిన్న చిన్న ల్యాబుల్లో మైక్రోస్కోపు పని తగ్గిపోయింది. రెండున్నచోట ఒకటి బీరువా ఎక్కుతుంది. ల్యాబు చేతులు మారినప్పుడో మూతపడినప్పుడో అది అమ్మకానికి వస్తుంది. ఒలింపస్ సీహెచ్20ఐ, మాగ్నస్ కంపెనీవి, లాబోమెడ్‌వి మన ఊళ్లలో తరచుగా కనిపిస్తాయి. మా స్కూళ్లలో, కాలేజీల్లో చూసినవి చాలావరకు హర్యానాలోని అంబాలాలో తయారైనవి. వాటిని తీసిపారేయక్కర్లేదు. ఒళ్లు ఇనుముదై, కండెన్సర్ మర తిప్పితే పైకీ కిందకీ కదిలే మోడల్ అయితే మొదటి మైక్రోస్కోపుగా చక్కగా పనికొస్తుంది. కండెన్సర్ కదలకుండా బిగించేసిన రకాన్ని మాత్రం వదిలేయండి.

కాలేజీల నుంచి బయటికి వచ్చినవాటి విషయంలో ఒక మాట. పాదం మీద పెయింటుతో స్టాకు నంబరు రాసి ఉంటుంది. కండెమ్ చేసి వేలం వేసిన కాగితం చూపించమని అడగండి. చూపించలేకపోతే, ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. ఏ బోటనీ ల్యాబులోనో నలుగురు పిల్లలు ఒక్క మైక్రోస్కోపు చుట్టూ నిలబడి ఉంటారు. వాళ్లకు దక్కాల్సినది మన బల్ల మీదకు రాకూడదు.

కొత్తపేటలో నేను చూసింది సీహెచ్20ఐ. రెండు కళ్లతో చూసేది. పద్దెనిమిది వేలు చెప్పారు. ఒకటిన్నర గంట సేపు చూశాను. అంతసేపు చూడనిచ్చిన ఆ టెక్నీషియన్ ఓపికకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ముందు కండెన్సర్. పైకీ కిందకీ తిప్పితే నున్నగా కదిలింది. ఐరిస్ మూసి తెరిచి చూశాను. రేకులన్నీ గుండ్రంగా మూసుకున్నాయి, ఒక్క రేకు అంచున మాత్రం తుప్పు చుక్కలు. పై కటకం మీద ఎండిపోయిన నూనె పొర. తుడిస్తే పోతుంది కాబట్టి బెంగ లేదు. రేకు విరిగి ఉంటే మాత్రం అక్కడికక్కడే లేచి వచ్చేసేవాణ్ని.

తర్వాత ఫోకస్. పెద్ద మరతో స్టేజిని పైకి ఎత్తి, చెయ్యి తీసేసి కాసేపు ఆగాను. దానంతటది కిందకు జారలేదు. చిన్న మరను రెండు వైపులా చివరిదాకా తిప్పాను. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. పాత మైక్రోస్కోపుల్లో గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి బంకలా తయారవుతుంది. మర బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టి తిప్పకూడదు. కొన్ని మోడళ్లలో లోపలి పళ్ల చక్రం ప్లాస్టిక్‌ది, పుటుక్కున విరుగుతుంది. బిగుసుకుపోయిన మర కొనకూడని లోపం కాదు. విప్పి, పాత గ్రీజంతా తుడిచి కొత్తది పెడితే మళ్లీ వెన్నలా తిరుగుతుంది. కానీ ముందే ఎవరో బలవంతంగా తిప్పి పళ్లు విరగ్గొట్టి ఉంటే, అంటే మర తిరుగుతున్నా స్టేజి కదలకపోతే, దాని జోలికి పోవద్దు.

ఆబ్జెక్టివ్‌లు చూడటానికి భూతద్దం అక్కర్లేదు. ఐపీసు ఊడదీసి తలకిందులుగా పట్టుకుని కంటికి ఆనించుకుంటే అదే మంచి భూతద్దం. ఆబ్జెక్టివ్ విప్పి దాని ముందు కటకాన్ని దానితో చూడాలి. నాలుగు రెట్లదీ పది రెట్లదీ శుభ్రంగా ఉన్నాయి. వందదాని మూతి మీద తేనె రంగులో గట్టిపడిన పదార్థం కనిపించింది. మన ల్యాబుల్లో చాలాకాలంగా వాడే సీడార్‌వుడ్ ఆయిల్ అది. రోజూ పని అయ్యాక తుడవకపోతే ఎండి లక్కలా అతుక్కుంటుంది. నలభైది చూసేసరికి అసలు నష్టం తెలిసింది. వంద కింద నూనె వేసి చూశాక, అదే స్లైడు మీద నలభైని తిప్పుకోవడం తొందరలో జరిగే పొరపాటు. నలభైది పొడిగా వాడే కటకం, స్లైడుకు బాగా దగ్గరగా వస్తుంది, నూనెలో మునుగుతుంది. ఆ నూనె కటకం అంచుల్లోంచి లోపలికి పాకి ఉంది. ల్యాబు నుంచి వచ్చిన మైక్రోస్కోపులో మొదట అనుమానించాల్సింది నలభైనే.

ఆఖరున తల. రెండు ఐపీసులూ తీసేసి, ఒక గొట్టంలోంచి టార్చి వేసి రెండో దాంట్లోంచి చూశాను. లోపలి ప్రిజంల మీద సాలెగూడు దారాల్లా ఏమైనా ఉంటే అది ఫంగస్. వేడీ తేమా కలిసిన మన కోస్తా గాలిలో దానికి పండగే. దీంట్లో లేదు. ఐపీసులు మళ్లీ పెట్టి, స్లైడు మీద ఫోకస్ చేసి, ఐదు నిమిషాలు ఆపకుండా రెండు కళ్లతో చూశాను. ఎప్పుడో కిందపడి ప్రిజం పక్కకు జరిగి ఉంటే రెండు బొమ్మలు ఒకటిగా కలవవు. కళ్లు బలవంతంగా కలుపుతాయి, కాసేపటికి తల పోటు మొదలవుతుంది. అర నిమిషం చూస్తే ఈ లోపం బయటపడదు. దాన్ని ఇంట్లో సరిచేయడం మనవల్ల అయ్యే పని కాదు.

నలభై ఆబ్జెక్టివ్ పోయిందని చూపించి పద్నాలుగు వేలకు తీసుకున్నాను. నలభైని తర్వాత విడిగా ఇంకో పాత ల్యాబు సామానులో సంపాదించాను. చూశారా, పైన పోతే ఇలా తెచ్చుకోవచ్చు. అయితే దీనిలోనూ ఒక చిక్కుంది. ఆబ్జెక్టివ్‌ల మర 19వ శతాబ్దంలోనే ఇంగ్లండులోని రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ పెట్టిన కొలత. చాలా కంపెనీలు దాన్నే పాటిస్తూ వచ్చాయి. అందువల్ల దేనిది దేనికైనా బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అని పనిచేస్తుందనుకుంటే పొరపాటే. 160/0.17 అని ఉంటే 160 మిల్లీమీటర్ల గొట్టానికి, స్లైడు మీద కప్పే 0.17 మిల్లీమీటర్ల మందం గాజు కవర్ స్లిప్‌కు లెక్క కట్టి చేసినది. 160 ఉండాల్సినచోట అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకెలాంటి గుర్తు ఉంటే అది ఇన్‌ఫినిటీ రకం, ఈ గొట్టానికి లెక్క కట్టినది కాదు, మనకు పనికిరాదు. పొడవు కూడా చూడాలి. కొన్ని పాత జపాన్ ఆబ్జెక్టివ్‌లు పొట్టిగా, దాదాపు 36 మిల్లీమీటర్ల లెక్కతో ఉంటాయి, తర్వాత వచ్చినవి 45. ఈ రెండూ ఒకే చక్రంలో కలిపి పెట్టుకుని, పొట్టిదానితో ఫోకస్ చేసి పొడుగుదాన్ని తిప్పితే కటకం వెళ్లి స్లైడుకు గుద్దుకుంటుంది. ఐపీసులు కూడా అంతే, కొన్ని ఆబ్జెక్టివ్‌ల రంగు దోషాన్ని వాటి జత ఐపీసు సరిదిద్దుతుంది. జత మారితే బొమ్మ అంచుల్లో నీలం, నారింజ గీతలు కనిపిస్తాయి. అదే కంపెనీ, అదే కాలం నాటి భాగాలు వెతుక్కోవడం మేలు.

ఇంటికి తెచ్చాక మొదటి పని శుభ్రం. అది రోగుల రక్తం, కఫం, మూత్రం చూసిన పరికరం. చేతికి గ్లవుజులు వేసుకుని స్టేజి, మరలు, చెయ్యి తగిలే ప్రతి చోటా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాను. కటకాలకు మాత్రం లెన్స్ పేపరు, చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వందదాని మీద గట్టిపడిన నూనెకు లెన్స్ పేపరును జైలీన్‌తో తడిపి ఒక్క తుడుపు, వెంటనే పొడి పేపరుతో ఇంకో తుడుపు. అలా నాలుగు రోజులు, కొద్దికొద్దిగా. ఆబ్జెక్టివ్‌ను జైలీన్‌లో ముంచితే లోపల కటకాలను అతికించిన జిగురు కరిగే ప్రమాదం ఉంది. తొందరపడితే పోయేది కటకమే.

ఇక మార్పులు. దీనికి ముందు నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటి చెప్పాలి. చిల్లు వేయను, శాశ్వతంగా అతికించను, ఏ భాగం తీసినా కవర్లో పెట్టి పేరు రాసి దాస్తాను. యూట్యూబులో చూసి డ్రిల్లుతో స్టాండుకు బొక్కలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. ఇప్పటిదాకా ఇంకొకరి చేతిలో ఉన్న పరికరం ఇది, నా తర్వాత ఇంకొకరి చేతిలోకి వెళ్తుంది.

మొదటి మార్పు దీపం. లోపల ఉన్నది 6 వోల్టుల 20 వాట్ల హాలొజన్. వెలుతురు బాగుంటుంది, కానీ గంటసేపు వాడితే పాదం వేడెక్కుతుంది. పైగా కరెంటు పోతే చూపు పోయినట్టే. దాని బదులు 3 వాట్ల తెల్ల ఎల్ఈడీ పెట్టాను. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఎల్ఈడీని ఖాళీ ఉన్న చోట ఎక్కడో ఒకచోట బిగించేయడం. హాలొజన్ బల్బులో తీగ సరిగ్గా ఏ ఎత్తులో ఉందో, ఎల్ఈడీ చిప్పు కూడా అక్కడే ఉండాలి. లోపలి కటకాలన్నీ ఆ చోటును బట్టి అమర్చినవే. బల్బు తీసేముందు స్కేలుతో ఆ ఎత్తు కొలిచి రాసుకున్నాను. అల్యూమినియం ముక్కకు ఎల్ఈడీని బిగించి, పాత బల్బు హోల్డరు ఉన్నచోటే నిలబెట్టాను. వేడిని లాగేసే ఇలాంటి ముక్క, అంటే హీట్ సింక్ లేకపోతే చిప్పు కొద్ది రోజుల్లోనే మసకబారుతుంది. ఎల్ఈడీకి కరెంటు అందించే డ్రైవరు 700 మిల్లీ ఆంపియర్లది, వెలుతురు తగ్గించే మర ఉన్నది. కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. వెలుతురు తగ్గించి సెల్‌ఫోన్ కెమెరాతో చూడండి. తెర మీద నల్లని పట్టీలు కదులుతూ కనిపిస్తే ఆ డ్రైవరు దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తోందన్నమాట, వీడియోలు పాడవుతాయి. రంగు విషయంలో నీలం కొట్టే చల్లని తెలుపు వద్దు. 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్యది తీసుకోండి. ఇప్పుడు ఎండాకాలంలో కరెంటు పోయినా బ్యాటరీ మీద నా చెరువు నీటి చుక్క నాకు కనిపిస్తూనే ఉంటుంది.

రెండో మార్పుకు అయిన ఖర్చు దాదాపు సున్నా. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చిందీ అదే. డార్క్‌ఫీల్డ్ అంటారు. కండెన్సర్ మధ్యలోంచి వచ్చే వెలుతురును ఆపేసి, అంచుల నుంచి వచ్చేదాన్ని మాత్రం వదిలితే, నేరుగా ఆబ్జెక్టివ్‌లోకి ఏమీ వెళ్లదు. నేపథ్యం అమావాస్య రాత్రిలా నల్లబడుతుంది. స్లైడు మీద ఉన్న వస్తువు తగిలి చెదిరిన వెలుతురు మాత్రమే పైకి వస్తుంది. కాబట్టి ఆ వస్తువు తనే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది.

నల్ల బిళ్ల ఎంత ఉండాలో తెలుసుకునే పద్ధతి ఇది. పది ఆబ్జెక్టివ్ పెట్టి ఫోకస్ చేసి, ఐపీసు తీసేసి గొట్టంలోకి చూడండి. గుండ్రని వెలుతురు కనిపిస్తుంది. ఐరిస్‌ను నెమ్మదిగా మూస్తూ పోతే ఒక దశలో దాని రేకుల అంచు ఆ గుండ్రం అంచును తాకుతుంది. అక్కడ ఆపి, కండెన్సర్ బయటికి తీసి ఆ తెరుపు ఎంతుందో స్కేలుతో కొలవండి. దానికన్నా కొంచెం పెద్ద నల్ల బిళ్ల కావాలి. కొలిచాక నాకు గుర్తొచ్చింది మా ఆవిడ స్టిక్కర్ బొట్టుబిళ్లల అట్ట. నల్లవి, నున్నటి అంచుతో, రకరకాల సైజుల్లో. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటును ఫిల్టరు పెట్టే రింగు సైజుకు గుండ్రంగా కత్తిరించి, సరిగ్గా మధ్యలో 9 మిల్లీమీటర్ల బొట్టుబిళ్ల అంటించి, కండెన్సర్ కింద పెట్టాను. ఐరిస్ పూర్తిగా తెరవాలి, లేకపోతే ఏమీ కనిపించదు. నలభైకి ఇంకా పెద్ద బిళ్ల కావాలి, కండెన్సర్ ఎత్తు కూడా వెంట్రుకవాసి సరిచేసుకుంటూ ఉండాలి. ఓపికుంటే వస్తుంది. వందకు మాత్రం ఈ బొట్టుబిళ్ల పనిచేయదు, దానికి వేరే కండెన్సర్ కావాలి.

మొదటిసారి దాంతో చూసింది అజొల్లా అనే నీటి మొక్కను. మా వీధి చివర గేదెలున్న ఆయన మేత కోసం తొట్టిలో పెంచుతాడు. ఒక చిన్న ఆకు తెచ్చి, స్లైడు మీద నీటి చుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి వేలితో మెల్లగా నొక్కాను. ఆకులోని గదుల్లోంచి ముత్యాల దండల్లా అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు గొలుసులు బయటికి వచ్చాయి. నల్లటి నేపథ్యంలో ఒక్కో కణం అంచు వెలుగుతోంది. కొన్ని కణాల తర్వాత ఒకటి కాస్త పెద్దదిగా, లోపల ఖాళీగా ఉన్నట్టు వేరుగా కనిపిస్తుంది. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి మొక్కకు పనికొచ్చేలా మార్చేది ఆ కణమే. వరి మడిలో అజొల్లా వేస్తే యూరియా ఖర్చు తగ్గుతుందని మా నాన్న చెప్పేవాడు. ఆయన చెప్పిన మాట ఎక్కడ జరుగుతుందో అక్కడే చూస్తున్నాను, అదీ ఒక బొట్టుబిళ్ల సాయంతో. మా అమ్మాయిని పిలిచాను. ఐపీసు మీంచి తల ఎత్తకుండా చాలాసేపు చూసింది. ఈసారి మబ్బు మాట ఎత్తలేదు.

పాతది కొంటే వారంటీ ఉండదు కదా, బిల్లు ఉండదు కదా అని మా ఆఫీసులో ఒక మిత్రుడు ఎప్పుడూ వాదిస్తాడు. నిజమే. విప్పడం అంటే భయం ఉన్నవాళ్లు, చేతిలో ముప్పై వేలకు తక్కువ కాకుండా ఉన్నవాళ్లు మంచి కంపెనీ కొత్తదే కొనుక్కోవచ్చు, నేను కాదనను. పురుగుల్ని, పూలని, రాళ్లని చూడాలనుకునే చిన్నపిల్లలకైతే అసలు ఇదంతా వద్దు, రెండు కళ్లతో చూసే స్టీరియో మైక్రోస్కోపు తెచ్చివ్వండి. ఇంకొందరు ఫోల్డ్‌స్కోపు ఉంది కదా అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోపు అది, దాని గురించి 2014లో పేపరు ప్రచురించారు. 140 రెట్లు, 2 మైక్రాన్ల దాకా విడదీస్తుంది. జేబులో పెట్టుకుని చెరువు గట్టుకు వెళ్లడానికి దాన్ని మించింది లేదు, నా సంచిలోనూ ఒకటుంది. కానీ కూర్చుని వెలుతురును మార్చి మార్చి చూసే పని దానితో కాదు. నేను మాట్లాడేది ఐదు నుంచి ఇరవై వేల మధ్య ఖర్చు పెట్టగలిగి, కొత్తది అన్న ఒక్క మాట కోసం చిల్లుల చక్రం కొనుక్కుంటున్న వాళ్ల గురించి. అలాంటివాళ్లే ఎక్కువ.

పాతదాన్ని చిన్నచూపు చూసేవాళ్లకు నేను చెప్పే సంగతి ఒకటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదటిసారి చూశాడు. ఆ పని చేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. అప్పటికి తన మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పు పట్టాయని, మిగిలిన ఒకే ఒక్క ఐపీసు కూడా పగిలి ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేసుకోలేదు. ఆ పగిలిన ఐపీసులోంచే సుమారు 12 మైక్రాన్ల గుండ్రని కణాన్ని, దానిలోని నల్లటి రేణువుల్ని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. నేను ఆ భవనం ముందు నిలబడినప్పుడు నా మైక్రోస్కోపు గుర్తొచ్చింది. నాది ఆయన దానికన్నా ఎంతో మంచి స్థితిలో ఉంది.

తుప్పు సంగతి వచ్చింది కాబట్టి, వానాకాలం జాగ్రత్త. స్కూలు మైక్రోస్కోపులతో వచ్చే చెక్కపెట్టెలో పెట్టి మూసేయకండి, తేమ లోపలే నిలిచిపోతుంది. తలనూ ఆబ్జెక్టివ్‌లనూ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. గింజల రంగు మారినప్పుడు పెనం మీద సన్నసెగన వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. వంటకు వాడే పెనం కాకుండా వేరేది.

ఫొటోల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫోన్‌ను ఐపీసు మీద సరైన ఎత్తులో నిలబెట్టే అడాప్టర్ చాలు. ఎల్ఈడీ బాగుంటే ఫొటో దానంతటదే బాగుంటుంది.

మూడో మార్పు ఈ మధ్యే చేశాను. పాడైన కాలిక్యులేటర్ తెర మీద ఉండే, ఒకే దిశలో ఊగే వెలుతురును మాత్రం వదిలే పోలరైజర్ పొరను జాగ్రత్తగా ఊడదీసి, రెండు ముక్కలు చేసి, ఒకటి కండెన్సర్ కింద, ఇంకొకటి ఐపీసు మీద పెట్టాను. పైదాన్ని తిప్పుతూ పోతే ఒకచోట అంతా నల్లబడుతుంది. అప్పుడు పచ్చి పిండి రేణువు ఏదైనా కింద ఉంటే తెల్లగా మెరుస్తుంది, దాని మీద నల్లని ప్లస్ గుర్తు కనిపిస్తుంది. బంగాళాదుంప తరిగిన చాకు మీది తడిని స్లైడుకు రాసి చూడండి, మొదటి పాఠానికి దాన్ని మించింది లేదు. మొక్కజొన్న పిండిలోనూ బాగా కనిపిస్తుంది. బియ్యప్పిండి రేణువులు మరీ సన్నవి, నలభై పెట్టి వెతకాలి.

పిండిని నీళ్లలో ఉడికిస్తే ఆ గుర్తు మాయమైపోతుంది. దీనితో ఒక ఉపయోగం ఉంది. పసుపు కొమ్ముల్ని తవ్వాక ఉడకబెట్టి ఎండబెడతారు కదా. అందువల్ల దానిలోని పిండి అప్పటికే ఉడికి ముద్దలైపోయి ఉంటుంది, పోలరైజర్ల మధ్య దాదాపు నల్లగానే ఉండిపోతుంది. అందులో ఎవరైనా పచ్చి పిండి కలిపితే, ఆ రేణువులు మెరుస్తాయి. ఇదొక్కటే కల్తీకి రుజువు అనను. కొమ్ముల్ని ఉడకబెట్టకుండా ముక్కలు కోసి ఎండబెట్టి పొడి కొట్టినా మెరుపులు కనిపిస్తాయి.

మొన్న ఆదివారం మా పిన్ని వచ్చింది. దుగ్గిరాలలో తెలిసినవాళ్ల దగ్గర కొమ్ములు కొని తనే మర పట్టించిన పసుపు కొంచెం, బయట విడిగా కొన్నది కొంచెం, రెండు పొట్లాలు తెచ్చింది. "ఏదో చూస్తున్నావట కదరా, ఇవీ చూడు" అంది. ముందు దుగ్గిరాలది పెట్టాను. పైన పొర తిప్పగానే నల్లబడింది, అక్కడక్కడా ఒకటీ అరా మెరుపు తప్ప ఏమీ లేదు. స్లైడు మార్చి రెండోది పెట్టాను. పొర తిప్పగానే చీకట్లో చుక్కలు పొడిచినట్టు వందల రేణువులు, ఒక్కోదాని మీద ఒక ప్లస్ గుర్తు. పక్కకు జరిగి పిన్నికి చోటిచ్చాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఐపీసు దగ్గరకు వంగి, చాలాసేపు కదలకుండా చూసింది.

"మొదటిది మళ్లీ పెట్టు" అంది.